ఒంట్లో ఇనుముందా అని అడిగారు

ఎమ్మారై గొట్టాన్ని చూసి భయపడి పారిపోయి వచ్చానని మా ఊళ్లో అందరూ అనుకుంటారు. నా ఎదురుగానే అని నవ్వుతారు. ఆ మాట పుట్టించింది నేనే. అది అబద్ధం. ఆ అబద్ధానికి నా ఎడమ పాదం చచ్చుబడిపోయింది. దాని వెనక ఇంకా పాత అబద్ధం ఒకటుంది. దానికి వేరే మనిషి ఐదేళ్ళు జైల్లో ఉన్నాడు. రెండూ ఇక్కడ రాస్తున్నాను. వకీలు రాయొద్దనే చెప్పాడు.

మాది గురజాల పక్కన ఒక ఊరు. మిరప, పత్తి వేస్తాం. నాకు నలభై తొమ్మిదేళ్ళు. పోయినేడు ఫిబ్రవరిలో కాయలు కల్లంలో ఆరబోసి మంచం మీద కూర్చుంటే, ఎడమ తొడ వెనక రాయి మీద కూర్చున్నట్టు అనిపించింది. తడిమి చూశాను. రాయి లేదు. కండ లోపల, బాగా లోతుగా, నిమ్మకాయంత గట్టిది తగిలింది. నొప్పి లేదు.

అదేమిటో నాకు తెలుసనుకున్నాను. ఆ కాల్లోనే, మోకాలికి కాస్త పైన, రెండు ఇనుప ముక్కలున్నాయి. ఇరవై మూడేళ్ళ నాటివి. నాటుబాంబు ముక్కలు. అవి కదిలి, పైకి పాకి, చుట్టూ గడ్డ కట్టిందనుకున్నాను. అందుకే ఎవరికీ చెప్పలేదు.

ఆ ముక్కల సంగతి ఇది. అప్పట్లో పంచాయతీ ఎన్నికల మర్నాడు కాలవ కట్ట మీద మా వాళ్ళకీ అవతలి వాళ్ళకీ గొడవైంది. బాంబుల సంచి నా చేతికిచ్చారు. ఎవరో వెయ్యమని అరిచారు. వేశాను. ఎంత దూరం వెయ్యాలో కూడా నాకు తెలియదు. అవతల ఒకాయన చెయ్యి పోయింది. నా కాల్లో ముక్కలు దిగాయి. పక్కనే మా చేలో మందు కొడుతున్న యేసోబు, వీపు మీది డబ్బా దించి పరిగెత్తుకొచ్చాడు. యేసోబు మా పొలంలో పనిచేసేవాడు, నాకన్నా తొమ్మిదేళ్ళు పెద్ద. నన్ను భుజాన వేసుకుని ఊరవతల పత్తి గొడౌనుకు చేర్చాడు. సాయంత్రం పోలీసులు వచ్చేసరికి ఆయన చొక్కా నిండా నెత్తురు. నా నెత్తురు. ఆయన్నే తీసుకుపోయారు.

నేను ఆ రోజు వినుకొండలో మా మేనత్త ఇంట్లో ఉన్నానని పెద్దమనుషులు తేల్చారు. మా నాన్న స్టేషనుకెళ్ళి యేసోబు చేతులు పట్టుకున్నాడు. "మావాడి బతుకు పోద్ది రా. నీ పెళ్ళాన్నీ పిల్లాణ్ణీ నేను చూసుకుంటా" అన్నాడట. యేసోబు నోరు విప్పలేదు. ఏడేళ్ళ శిక్ష పడి ఐదేళ్ళకు బయటికొచ్చాడు. గొడవైన మరుసటి ఏడే నాకు పెళ్ళయింది. కాలి మీద మచ్చలేమిటని అడిగితే ముళ్లకంచె దాటుతుంటే గీసుకుందని నా భార్య పద్మకు చెప్పాను. ఇరవై రెండేళ్ళు ఆమె అదే నమ్మింది.

జూలై వచ్చేసరికి గడ్డ బత్తాయి కాయంత అయింది. ప్యాంటు ఆ కాలికే బిగుసుకుపోయేది. పద్మ చూసింది.

"ఏందయ్యా ఇది? ఇంత పెరిగిందాకా నోట్లో ఏం పెట్టుకున్నావ్?"

"కొవ్వుగడ్డేలే."

"నువ్వేమన్నా డాట్టరువా? పద నరసరావుపేట."

నరసరావుపేట డాక్టరు ముందు మామూలు స్కానింగు చేయించాడు. చూసి, కలం పక్కన పెట్టి, మా ఇద్దరి వంకా చూస్తూ నెమ్మదిగా చెప్పాడు. "ఇది తోలు కింద ఉండే కొవ్వుగడ్డ కాదండీ. కండ లోపల ఉంది, పెద్దదిగా ఉంది. ఎమ్మారై తీయించండి. అది తీసేదాకా ఎవరొచ్చి కోసి తీసేస్తామన్నా కాలు చూపించొద్దు." నా కథ చదివి ఎవరైనా ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే ఆ మాట పెట్టుకోండి. ఆయన అంత వివరంగా చెప్పిన మాటను నేను వినలేదు. నా మనసంతా కాల్లోని ఇనుము మీదే ఉంది.

ఎమ్మారై సెంటరులో బెంచీల మీద పదిమందిదాకా ఉన్నాం. ఒకమ్మాయి కాగితం పట్టుకుని వచ్చి, అందరూ వింటుండగానే ప్రశ్నలు చదివింది. గుండెలో మెషీనుందా, స్టెంటుందా, ఎముకలకి ప్లేట్లు వేశారా, కళ్ళలో ఎప్పుడన్నా ఇనుపరజను పడిందా. అన్నిటికీ లేదన్నాను.

"ఒంట్లో ఇనుముందా బాబాయ్? తూటా గానీ, బాంబు ముక్కలు గానీ? నవ్వమాకండి, మన పల్నాడు గదా, ఇప్పటికి ఇద్దర్ని చూశా."

బెంచీల మీద అందరూ నవ్వారు. పద్మ గట్టిగా నవ్వింది. "మా ఆయనకా? కోడిని కొయ్యాలంటే పక్కింటాయన్ని పిలిచిద్దమ్మా ఈ మనిషి!"

"లేదు" అన్నాను. సంతకం పెట్టాను.

లోపల వాచీ, ఉంగరం, మొలతాడు, తాయెత్తు అన్నీ తీయించారు. "ఇంత తాయెత్తుకేందమ్మా" అంటే, "లోపలున్నది అయస్కాంతం బాబాయ్. ఇనుముంటే లాగుద్ది, ఒంట్లో ఉంటే వేడెక్కుద్ది, కదులుద్ది కూడా. అందుకే అన్నిసార్లు అడిగేది" అంది. బల్ల మీద పడుకున్నాను. బల్ల కదిలింది. మోకాలి పైన ఏదో జివ్వుమన్నట్టయింది. నిజంగా అయిందో, నా భయమో ఇప్పటికీ తెలియదు. లేచి కూర్చున్నాను.

"ఊపిరాడట్లేదమ్మా. నావల్ల కాదు."

నాకు ఊపిరి బాగానే ఆడుతోంది. ఇనుముందని ఒక్క మాట చెబితే సరిపోయేది. ముందు ఎక్స్‌రే తీసి, చూసి, ఏం చేయాలో వాళ్ళే చెప్పేవారు. కానీ తలుపవతల పద్మ ఉంది. ఆ గదిలో చెప్పిన మాట బయటి బెంచీల దాకా వస్తుంది, బెంచీల మీది మాట బస్సెక్కి మా ఊరు వస్తుంది. ఆ రోజు నేను లెక్క చూసుకున్నది అదే. నా కాలిని చూసుకోలేదు.

ఊళ్లో ఎగతాళి మొదలైంది. వరసకు బావ అయ్యే ఒకాయన కనిపించినప్పుడల్లా "ఏం బావా, కందకంలో దూకుతావ్ గానీ గొట్టంలో దూరలేవంటగా" అనేవాడు. నవ్వి ఊరుకునేవాణ్ణి. పిరికివాడనిపించుకోవడం నాకు హాయిగా ఉండేది. మాచర్ల వైపు ఒకాయన ఆకు పసరు కట్టు కడితే మూడు నెలలు కట్టించుకున్నాను. పద్మ రోజూ పోరేది, తర్వాత ఏడ్చేది, ఆ తర్వాత మానేసింది.

అక్టోబరులో మంట మొదలైంది. మిరపకాయలు తొడిమలు తీసిన చేతులు నీళ్ళలో పెడితే ఎలా మండుతాయో, తొడ వెనక నుంచి మడమ దాకా అలా. కూర్చోలేను, పడుకోలేను. పాదం పైభాగం గిల్లినా తెలిసేది కాదు. ఒకరోజు చెప్పు ఊడిపోయిన సంగతి తెలియక గట్టు దాకా నడిచిపోయాను. ఆ రోజు నాకు మొదటిసారి చావు కనిపించింది. గట్టు మీద కూర్చుని, ఇది ఇనుము కాదేమో అనుకున్నాను.

మా అమ్మాయి సింధు గుంటూరులో ఫార్మసీ చదువుతోంది. వచ్చి చూసి, అరవలేదు, అలగలేదు. "బట్టలు సర్దమ్మా" అంది అంతే. గుంటూరులో కేన్సర్ డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆయన కూడా ముందు ఎమ్మారై అన్నాడు.

"మా నాన్నకి ఆ మెషీనంటే భయమండీ. ఒకసారి లేచొచ్చేశాడు" అని సింధు చెప్పింది.

"పర్లేదమ్మా. నిద్రకి ఇంజక్షన్ ఇచ్చి తీద్దాం."

నా అబద్ధం నన్ను పట్టుకున్నది అక్కడే. మెలకువగా ఉంటే వేడెక్కినా, లాగినా చెప్పగలను. నిద్రపుచ్చి లోపలికి తోస్తే? చేతికి సూది గుచ్చి ప్లాస్టరు వేశారు. పద్మ నా పక్కనే నిలబడి నా చొక్కా మడత పెడుతోంది. ఇక్కడి టెక్నీషియను కాస్త పెద్దావిడ, అవే ప్రశ్నలు మళ్ళీ మొదలుపెట్టింది.

"అమ్మా, నా కాల్లో ఇనుముంది" అన్నాను.

"ఏం ఇనుము?"

"బాంబు ముక్కలు. పాతవి."

పద్మ మడత పెడుతున్న చేతులు ఆగాయి. "ముళ్లకంచె అన్నావుగా" అంది.

నేను సూది గుచ్చిన చేతి వంక చూసుకున్నాను.

"ఎవరి బాంబు?"

"మనదే."

"ఎవరేశారు?"

టెక్నీషియను మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, డాక్టరుతో చెప్పొస్తానని బయటికి వెళ్ళింది. పద్మ ఇంకో మాట అడగలేదు. మా ఊళ్లో బాంబు కేసు ఒకటే. దానికి జైలుకెళ్ళింది ఎవరో ఆమెకు తెలుసు. చొక్కాను బల్ల మీద పెట్టి, గోడకానుకుని కూర్చుండిపోయింది.

ఇంజక్షన్ ఆపేసి ఎక్స్‌రే తీశారు. బొమ్మ చూపించిన డాక్టరమ్మ తెర మీద వేలు పెట్టింది. తెల్లగా రెండు చుక్కలు. కందిగింజల్లా ఉన్నాయి. "ఇవేనా మీ ముక్కలు?" ఇరవై మూడేళ్ళ నుంచి ఎక్కడున్నాయో అక్కడే ఉన్నాయి. గడ్డ వాటికి జానెడు పైన ఉంది.

ఎనిమిది నెలలు నేను దాచిపెట్టిన దానికీ, నన్ను చంపుతున్న దానికీ సంబంధమే లేదు. ఆ బల్ల మీద కూర్చుని నవ్వొచ్చింది. నవ్వు ఏడుపైంది. సింధు నా తల పట్టుకుని, "ఏంది నాన్నా, ఏమైంది" అని అడుగుతోంది. పాపం ఆ పిల్లకు అప్పటికి ఏమీ తెలియదు.

డాక్టర్లు మాట్లాడుకున్నారు. ముక్కలు చిన్నవి, పాతవి, పెద్ద రక్తనాళాలకు దూరంగా కండలో బిగిసిపోయి ఉన్నాయి కాబట్టి నా విషయంలో ఎమ్మారై తీయవచ్చని తేల్చారు. అందరికీ అలా కుదరదని కూడా చెప్పారు. మెలకువగానే ఉంచారు. చేతిలో రబ్బరు బుడగ పెట్టి, వేడి తగిలినా, గుంజినా నొక్కమన్నారు. గొట్టంలోకి వెళ్ళాక గడ్డపారతో రేకు మీద కొడుతున్నట్టు చప్పుడు, ఆగి మళ్ళీ ఇంకో రకం చప్పుడు. మధ్యలో చేతి నరంలోకి చల్లగా మందెక్కింది. ఆ పెద్దావిడ చప్పుడు ఆగినప్పుడల్లా లోపలికొచ్చి నా కుడి పాదాన్ని రెండుసార్లు తట్టి వెళ్ళేది. నేనున్నానని చెప్పడమన్నమాట. ముక్కలు కదల్లేదు. ముప్పావు గంట తర్వాత బయటికొస్తే, పద్మ నా వాచీ, ఉంగరం, మొలతాడు చేతిరుమాల్లో మూటకట్టి పట్టుకుని కూర్చుని ఉంది. చేతికివ్వలేదు. బెంచీ మీద పెట్టి లేచింది.

మర్నాడు కేన్సర్ డాక్టరు బొమ్మలు వరసగా చూపించాడు. "ఇది రక్తనాళం. గడ్డ దీనికి తగల్లేదు, మన అదృష్టం. ఇది కాలికి పోయే పెద్ద నరం. ఇక్కడ చూడండి, చుట్టేసింది."

"కేన్సరేనా సార్?"

"అనుమానం గట్టిగానే ఉంది. పేరు మాత్రం సూదితో ముక్క తీసి చూస్తేనే తెలిసేది. ఆ సూది ఎటునుంచి పెట్టాలో కూడా ఈ బొమ్మ చూసే."

"జూలైలో వచ్చుంటే నరం మిగిలేదా?"

"జూలై బొమ్మ లేదు కదండీ నా దగ్గర. ఏం చెప్పమంటారు?"

ఆయన కోపంగా అనలేదు. ఉన్నమాట అన్నాడు. ఆ మాట నన్ను వదలదు. జూలైలో ఆ నరానికీ గడ్డకీ మధ్య సందు ఉందో లేదో ఇక ఎవరికీ తెలియదు.

సూది పరీక్షలో సార్కోమా అని వచ్చింది. ఎముకలో కాకుండా కండలో పుట్టే కేన్సరట. నవంబరు, డిసెంబరుల్లో ఐదు వారాలు గుంటూరులోనే రేడియేషన్, అదే కరెంటు, పెట్టారు. సింధు అద్దె గదిలో ముగ్గురం ఉన్నాం. పద్మ వండేది, పెట్టేది, నాతో మాట్లాడేది కాదు. "మాత్రేసుకున్నావా అని అమ్మ అడగమంది నాన్నా" అని, రెండడుగుల దూరంలో ఉన్న తల్లి మాటను పిల్ల మోసుకొచ్చేది.

ఒకరోజు ఆసుపత్రి బెంచీ మీద పద్మ ఉన్నట్టుండి అంది. "మరియమ్మకు పాత చీరలిచ్చేదాన్ని. ఇచ్చినప్పుడల్లా, మీ ఆయన అట్టాంటి పని చెయ్యకపోతే నీకీ గతి పట్టేదా అనేదాన్ని. తల వంచుకుని తీసుకునేది. నాతో అనిపించావు గదయ్యా." మరియమ్మ యేసోబు భార్య. ఆయన జైల్లో ఉండగానే, మూడో ఏట కామెర్లతో చనిపోయింది.

ఆ బెంచీల మీద మాకు కృష్ణకు అవతలి నుంచి వచ్చిన ఒక పెద్దాయన పరిచయమయ్యాడు. భుజంలో గడ్డ. నేను కూర్చోలేక ఒక పక్కకు ఒరిగి ఉండటం చూసి, "ఏడికెల్లి వచ్చిన్రు?" అన్నాడు. గురజాల అంటే, "గట్లనా, మనది నడుమ నీళ్ళే గదా అడ్డం" అని తన దిండు తీసి నా కిందకు తోశాడు. ఆయన వంతు ముందే అయిపోయింది. చివరి రోజు దిండు తిరిగిస్తే, "నాకు భుజం గదా, నీకే పనికొస్తది, ఉంచుకో" అన్నాడు. తర్వాత ఆయన ఏమయ్యాడో తెలియదు.

ఆపరేషనుకు ముందు కొన్ని రోజులు ఊరికి పంపారు. ఇంటి ముందు కారు దిగగానే పద్మ అంది. "లోపలికి తర్వాత. ముందు యేసోబు దగ్గరికి పోయి చెప్పిరా. బల్ల మీద పోతే నీ బదులు ఎవరు చెప్తారు?"

వెళ్ళాను. చేతికర్రతో వాళ్ళ గడప ముందు నిలబడ్డాను. యేసోబు అరుగు మీద కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుకుంటున్నాడు. "కాలెట్టుంది చిన్నయ్యా?" అని లేవబోయాడు. కూర్చోమన్నాను. ఏమని పిలవాలో తెలియలేదు. తొమ్మిదేళ్ళు పెద్దవాణ్ణి ఎన్నడూ అన్నా అనలేదు. ఒరేయ్ అనేవాణ్ణి.

"అప్పుడు బాంబేసింది నేనని ఊళ్లో చెబుదామనుకుంటున్నా" అన్నాను.

ఆయన చిక్కుడుకాయ తుంచడం ఆపలేదు. "నాకు చెప్పేదేముంది? భుజానేసుకుని మోసింది నేనేగా."

"తప్పు చేశాను."

"చేశావ్." ఇంకో కాయ అందుకుని, "ఊరోళ్ళకేముందిలే, సగం మందికి తెలుసు. మావాడికి చెప్పు. మా కిరణ్‌కి. నేనెయ్యలేదురా అంటే జైలుకి పోయినోళ్ళందరూ అదే అంటారన్నాడు. నన్ను నాన్నా అని పిలిచి పదేళ్ళయింది" అన్నాడు.

చెబుతానన్నాను. చెప్పలేదు. ఆపరేషను అయ్యాక అనుకున్నాను. జనవరిలో అయింది. గడ్డతోపాటు నరమూ పోయింది. కాలు మిగిలింది, పాదం వేలాడుతుంది, పట్టీ కట్టుకుని నడుస్తాను. కుట్లు మానాక అనుకున్నాను. మానాయి. ఛాతీ స్కాను వచ్చాక అనుకున్నాను. ఇప్పటికి ఏమీ లేదన్నారు. మూడు నెలలకోసారి చూస్తూనే ఉండాలట. తిరిగొస్తుందా అంటే ఎవరూ రాదని చెప్పరు. ఒక్కో రోజు పొద్దున్నే లేచి కాలంతా తడుముకుని, ఏదీ తగలకపోయినా మళ్ళీ మొదటినుంచి తడుముకుంటాను.

పోయిన వారం ఫోన్ చేశాను. కిరణ్ విజయవాడలో ఏసీలు బాగుచేస్తాడు. నేనెవరో చెప్పాను. వెనక డ్రిల్లింగు చప్పుడు వినిపిస్తోంది. మొత్తం చెప్పాను, సంచి నుంచి చొక్కా దాకా. మధ్యలో ఎప్పుడో డ్రిల్లింగు ఆగిపోయింది.

"మా అమ్మ పోయిన రోజు మీరు ఊళ్లో ఉన్నారా?" అన్నాడు.

"ఉన్నాను."

"రెండు గంటల కోసం జైల్నుంచి పంపారు ఆయన్ని. బేడీల చేతుల్తోనే మన్నేశాడు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. నలుగురూ చూస్తన్నారని సిగ్గుతో నేను ఆయన దగ్గరికి పోలా. మీరొచ్చారా ఆడికి?"

"రాలేదు."

"ఏం చేస్తన్నారు?"

"చేలో ఉన్నా. మిరపకి మందు కొడుతున్నా."

"ఆ పని మా నాన్నది" అన్నాడు.

 తర్వాత, "నాకు ఫోన్లో చెప్తే లాభం లేదు. రాయండి. మీ వైపోళ్ళు చదివేట్టు రాయండి, మా నాన్న పేరు పెట్టి" అని పెట్టేశాడు.

రాశాను. కాలవ కట్ట మీద ఆ బాంబు వేసింది యేసోబు కాదు. ఆయన ఆ రోజు చేలో మందు కొడుతున్నాడు. వేసింది నేను.